ఊగని గుంజ

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8; యెషయా 22:20-25; లూకా 6:46-49



ఈ నెల మనము ధ్యానింపబోవు సంగతి మీలో కొందరికి వింతగా తోచవచ్చును. మెట్ల ప్రక్కన చేతికి ఆధారముగా నిలుపు రెయిలింగును గూర్చియు, ఆ రెయిలింగును మోయు గుంజలను అడుగున ఎట్లు బిగింపవలెనను దానిని గూర్చియు మీతో మాటలాడగోరుచున్నాము. అది మేస్త్రీలును ఇనుపపనివారును చూచుకొనవలసిన పని గదా, దానికి వాక్యధ్యానమెందుకని మీరు అడుగవచ్చును. మేమును ఒకప్పుడు అట్లే తలంచితిమి. అట్లు తలంచినందువలననే మా సంఘములో ఒక వృద్ధురాలికి కీడు కలిగెను. ఆ సంగతి దాచక మీకు చెప్పవలెనని మా మనస్సాక్షి మమ్మును తొందరపెట్టుచున్నది.

మొదట లేఖనము చూతము. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో దేవుడు ఇశ్రాయేలీయులకు ఇల్లు కట్టుటను గూర్చి ఒక ఆజ్ఞ ఇచ్చెను. క్రొత్త యిల్లు కట్టువాడు పైకప్పునకు చుట్టు పిట్టగోడ పెట్టవలెననియు, పెట్టనియెడల పైనుండి పడినవాని రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చుననియు దాని భావము. ఆ దేశములో ఇండ్ల పైకప్పులు చదునుగా నుండెడివి. రాహాబు తన మిద్దెమీద జనుపకట్టె పరచెను. సమూయేలు సౌలుతో మిద్దెమీద మాటలాడెను. పేతురు యొప్పేలో ప్రార్థన చేయుటకు మిద్దె ఎక్కెను. మిద్దె అనగా మనుష్యులు దినదినము తిరుగు చోటు. కాబట్టి అక్కడ పడిపోవు అపాయమును దినదినము ఉండెడిది.

ఈ ఆజ్ఞలో ఒక సంగతి గమనింపుడి. పడినవాడు అజాగ్రత్తగా నడిచెనా, చీకటిలో నడిచెనా, వృద్ధుడా, పసివాడా అని ధర్మశాస్త్రము అడుగుటలేదు. ఇల్లు కట్టినవాడు ఏమి చేసెనని అడుగుచున్నది. పొరుగువానిని ప్రేమింపుమని చెప్పిన దేవుడు, ఆ ప్రేమ ఇటుకలలోను సున్నములోను కనబడవలెనని కోరెను.

మన పల్లెలలో పూర్వము తాటాకు ఇండ్లును పెంకుటిండ్లును ఎక్కువ. ఇప్పుడు అనేకులు స్లాబు వేసి డాబాలు కట్టుకొనుచున్నారు. ఇందు నిమిత్తము దేవునికి స్తోత్రము. మిరపకాయలు ఆరబోయుటకు, వడియాలు పెట్టుటకు, వేసవి రాత్రులలో పండుకొనుటకు మనమును డాబా ఎక్కుదుము. అయితే స్లాబు పని ముగియునప్పటికి చేతిలోని రూకలును ముగియును. మెట్లకు ఒక ప్రక్క ఇంటి గోడ ఉండును, రెండవ ప్రక్క బోసిగా విడిచిపెట్టుదుము. తరువాత చూతములే అని చెప్పుకొందుము. ఆ తరువాత అనునది ఏండ్లు గడచినను రాదు. కరెంటు పోయిన రాత్రి పసిబిడ్డను ఎత్తుకొని దిగు తల్లి ఏమి పట్టుకొనును? 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి, డాబా అంచుల పిట్టగోడయైనను రెయిలింగైనను ఒక మీటరుకు తక్కువ కాకూడదని చెప్పుచున్నది. ఒక మీటరనగా మూడడుగుల మూడంగుళములు. ప్రభుత్వము ఇప్పుడు చెప్పుచున్న దాని భావమును మోషే ఎప్పుడో చెప్పెను.

అయితే రెయిలింగు పెట్టుటతో మన విధి తీరిపోదు. దీనిని మేము దుఃఖముతో నేర్చుకొంటిమి.

మా మందిరము ప్రక్కన మేడమీద ఒక కూటగది ఉన్నది. స్త్రీల ప్రార్థన కూటము ప్రతి వారము అక్కడ జరుగును. దానికి ఎక్కు మెట్లకు ఒక ప్రక్క గోడ, రెండవ ప్రక్క ఏమియు లేకుండెను. కొన్ని యేండ్ల క్రిందట క్రిస్మసు పండుగకు ముందు సంఘస్థులు కానుకలు కూర్చి, మెట్లకు టైల్సు వేయించి, మెరయు ఉక్కు గొట్టములతో రెయిలింగు చేయించిరి. బిగించుటకు వచ్చిన యువకుడు మోకాళ్లమీద కూర్చుండి, టైల్సును వ్రేలితో తట్టి చూచి, మాతో ఇట్లనెను: "అయ్యగారూ, టైల్సు మీద బిగిస్తే నిలవదండి. టైల్సుకీ, దాని కింద ఇటికలకీ పట్టు ఉండదు. ఇక్కడ పగలగొట్టి స్లాబు దాకా వెళ్లాలి."

మేము ఏమని బదులిచ్చితిమో వినుడి. "ఇప్పుడే వేసిన టైల్సు పగలగొడతామా నాయనా? పండగ నాలుగు రోజుల్లో ఉంది. ప్రస్తుతానికి పైనే బిగించేయ్." అతడు చిన్నవాడు, మేము పెద్దలము. అతడు మారు పలుకక పైననే చిన్న మరలతో బిగించి వెళ్లెను. పండుగనాడు అందరును ఆ రెయిలింగును చూచి సంతోషించిరి. మేమును సంతోషించితిమి.

మూడు నెలలు గడచెను. శ్రమదినములలో ఒక సాయంకాలము కూటము ముగిసిన తరువాత ఒక విధవరాలు, డెబ్బది యేండ్లు దాటిన అవ్వ, ఆ రెయిలింగు పట్టుకొని దిగుచుండెను. నాలుగవ మెట్టు దగ్గర ఆమె కాలు తొట్రిల్లగా, తన భారమంతయు దానిమీద వేసెను. గుంజ టైల్సుతో కూడ ఊడి వచ్చెను. ఆమె ప్రక్కకు నేలమీద పడెను. మణికట్టు ఎముక విరిగెను. తల బండకు తగులకుండుట దేవుని కృపయే.

అప్పుడు మా నోట మొదట వచ్చిన మాట ఏమనగా, అవ్వ కొంచెము జాగ్రత్తగా దిగవలసినది అని. ఆ మాట తలంచుకొన్నప్పుడెల్ల ఈ దినము వరకు సిగ్గుపడుచున్నాము. త్రోయలో పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగించుచుండగా, కిటికీలో కూర్చున్న ఐతుకు అను యౌవనుడు నిద్రబోయి మూడవ అంతస్తునుండి పడెను. ప్రసంగము జరుగుచుండగా ఎందుకు నిద్రపోయితివని పౌలు అతని తప్పు పట్టలేదు. మాట నిలిపి, క్రిందికి దిగి వెళ్లి, అతనిని కౌగిలించుకొనెను. అపొస్తలుడు దిగి వెళ్లెను, మేమైతే పైననే నిలిచి తప్పు ఎవరిదని లెక్కించితిమి.

మరునాడు ఆస్పత్రిలో ఆ అవ్వ మాతో పలికిన మాట మీరందరును మనస్సునందుంచుకొనుడి. ఆమె కోపముతో పలుకలేదు. "అయ్యగారూ, అది లేనప్పుడు నేను గోడ పట్టుకొని దిగేదాన్ని. ఇన్నేళ్లలో ఒక్కసారీ పడలేదు. ఉంది గదా అని నమ్మి పట్టుకున్నాను."

సహోదరులారా, ఊగు గుంజ లేని గుంజకంటె అపాయకరమైనది. రెయిలింగు లేనిచోట మనిషి భయపడి గోడ ప్రక్కన నడుచును. రెయిలింగు ఉన్నచోట నమ్మి అంచు ప్రక్కన నడుచును. అది తన చేయి చాచి, నా మీద ఆనుకొనుమని పిలుచుచున్నది. పిలిచి మోయలేనిదైతే అది మనిషిని పడద్రోయును. పిట్టగోడ పెట్టనివాని మీద రక్తాపరాధము ఉన్నయెడల, పడిపోవు పిట్టగోడ పెట్టినవాని మీద ఉండదా? మేము మెరుపు కొంటిమి, పండుగ కొంటిమి, అవ్వ చేతికి కావలసిన బలమును మాత్రము కొనలేదు.

ఆ తరువాత మేము ఆ యువకుని మరల పిలిపించి, నీవు చెప్పినదే సరి, మమ్మును క్షమించుము అని చెప్పి, అతడు చెప్పినట్లు పని చేయించితిమి. పని జరుగు దినములలో అతని ప్రక్కన నిలిచి, అడిగి తెలిసికొంటిమి. అతనియొద్ద నేర్చుకొన్న నాలుగు సంగతులు మీకును చెప్పుదుము. అవి మీ యింటి మెట్లకు పనికివచ్చును, మీ ఆత్మలకును పనికివచ్చును.

మొదటిది, గుంజ దేనికి బిగింపబడినది?

మన పల్లె యిండ్లలో మెట్లు అనేక చోట్ల ఇట్లుండును: అడుగున ఏటవాలుగా కాంక్రీటు స్లాబు, దానిమీద ఇటుకలతో కట్టిన మెట్లు, వాటిమీద సిమెంటు పరుపు, ఆ పైన టైల్సు. కంటికి కనబడునది టైల్సు, బలము గలది స్లాబు. టైల్సుకు బిగించినది టైల్సుతో ఊడును. పరుపునకు బిగించినది పరుపుతో పగులును. కాబట్టి ఆ యువకుడు ప్రతి గుంజయొద్దను టైల్సును ఇటుకలను తొలగించి స్లాబును బయలుపరచెను. స్లాబునకు అడ్డముగా క్రింది వరకు రంధ్రములు చేసి, పైన ఒక ఇనుప ప్లేటు, క్రింద ఒక ఇనుప ప్లేటు పెట్టి, నడుమ పొడుగు బోల్టులు దూర్చి నట్లు బిగించెను. స్లాబు రెండు ప్లేట్ల నడుమ చిక్కుకొనెను. ఇక గుంజ ఊడవలెననిన స్లాబే పగులవలెను. స్లాబు అంచునకు మరీ దగ్గరగా రంధ్రము చేసినయెడల ఆ మూల పెళ్లగా ఊడిపోవునని చెప్పి, అంచు విడిచి లోపలికి జరిపి చేసెను.

క్రొత్తగా కట్టుకొనువారికి ఇది ఇంకను సులువు. కాంక్రీటు పోయకముందే కాళ్లుగల ఇనుప ప్లేటును స్లాబులోని చువ్వలకు కట్టి పోసినయెడల అది స్లాబుతో ఏకమగును. తలుపు దారబందరములకు హోల్డ్‌ఫాస్టులు పెట్టి గోడలో కట్టుట మీరు చూచియున్నారు గదా, ఇదియు అట్టిదే.

లూకా సువార్త 6వ అధ్యాయములో మన ప్రభువు ఇద్దరు ఇల్లు కట్టినవారిని గూర్చి చెప్పెను. ఒకడు లోతుగా త్రవ్వి బండమీద పునాది వేసెను. రెండవవాడు పునాది లేక నేలమీదనే కట్టెను. వరద వచ్చువరకు ఆ రెండు ఇండ్లును చూచువారికి ఒక్కటిగానే కనబడియుండును. మన భక్తి దేనికి బిగింపబడినది? పండుగలకా, పాటలకా, మన తలిదండ్రులు క్రైస్తవులైయుండిరను మాటకా, సంఘములో మనకున్న పేరుకా? ఇవి చెడ్డవి కావు. టైల్సు చెడ్డవి కావు గదా. అయితే అవి భారము మోయునవి కావు. వాటిని తొలగించి క్రిందనున్న బండ వరకు వెళ్లవలెను. ఆ బండ క్రీస్తే. టైల్సు పగులగొట్టుట మాకు నచ్చలేదు. మన పై మెరుపు పగులుట ఎవరికిని నచ్చదు. అయినను పగులకుండ లోతునకు పోలేము.

రెండవది, పైన కొంచెము, అడుగున ఎంతో.

గడ్డపారతో బండను లేపిన ప్రతివానికి ఈ సంగతి తెలియును. గడ్డపార పొడుగైన కొలది చేతి బలము పెరుగును. రెయిలింగు గుంజయు గడ్డపార వంటిదే. 40 అంగుళముల ఎత్తున ఒకడు ఆనుకొన్నప్పుడు ఆ బలము అడుగున ఉన్న బోల్టులను పైకి లాగును. బోల్టునుండి ప్లేటు అవతలి అంచుకు 2 అంగుళములే యున్నయెడల ఆ లాగుడు 20 రెట్లగును. 5 అంగుళములున్నయెడల 8 రెట్లగును. అనగా ఒక అవ్వ 20 కిలోల భారము ప్రక్కకు వేసినయెడల, చిన్న ప్లేటు క్రింద 400 కిలోల లాగుడు, వెడల్పు ప్లేటు క్రింద 160 కిలోల లాగుడు కలుగును. మేము పెట్టించిన ప్లేటు అరచేతిలో పట్టునంత చిన్నది. అది మూడు నెలలు నిలిచినదే ఆశ్చర్యము.

భారతీయ ప్రమాణములలో ఐ.ఎస్. 875 అను దాని రెండవ భాగము (1987) రెయిలింగులు ఎంత ప్రక్కబలమునకు నిలువవలెనో చెప్పుచున్నది. కాపురముండు ఇంటి మెట్లకు మీటరు పొడుగునకు సుమారు 35 కిలోలు. జనసమూహము కూడు చోట్లకు సుమారు 230 కిలోలు, అనగా ఆరు రెట్లకు పైన. అట్టి చోట్లలో నాటకశాలలతోను పాఠశాలలతోను దేవాలయములను కూడ ఆ ప్రమాణము పేర్కొనుచున్నది. మేము మా కూటగది మెట్లకు ఇంటికి చాలినంత బలమైనను ఇయ్యలేదు.

ప్రియులారా, అనేకులు ఆనుకొను గుంజకు ఎక్కువ బలము కావలెను. యాకోబు తన పత్రిక 3వ అధ్యాయములో, బోధకులు కఠినతరమైన తీర్పు పొందుదురు గనుక అనేకులు బోధకులు కాకూడదని హెచ్చరించెను. ఇంటిలో తండ్రిమీద పిల్లలు ఆనుకొందురు. సంఘములో పెద్దలమీద బలహీనులు ఆనుకొందురు. ఉపదేశిమీద పల్లె అంతయు ఆనుకొనును. మన చిన్న అబద్ధము, మన చిన్న త్రాగుడు, లెక్కలలో మన చిన్న తప్పు మనకు స్వల్పముగా తోచును. మనమీద ఆనుకొన్నవారి యొద్దకు పోవునప్పటికి అది ఇరువది రెట్లగును. ఈ చిన్నవారిలో ఒకనిని అభ్యంతరపరచువానిని గూర్చి ప్రభువు పలికిన తిరుగటిరాయి మాటను మరువకుడి.

మూడవది, శుద్ధి చేయుట, ఓర్చుకొనుట.

మా మెట్లలో ఒకచోట క్రింది ప్రక్కకు చేయి పోనందున, పైనుండియే రంధ్రము చేసి జిగురుమందు పోసి బోల్టు దించవలసివచ్చెను. ఆ యువకుడు రంధ్రము చేసిన వెంటనే మందు పోయలేదు. బ్రష్షుతో లోపల తోమి, గొట్టముతో ఊది, మరల తోమి, మరల ఊదెను. ఎందుకని మేమడుగగా అతడు, "పొడి ఉంటే మందు పొడిని పట్టుకుంటుందండి, కాంక్రీటును పట్టుకోదు" అనెను. ఆ మాట మమ్మును గ్రుచ్చెను. పాపము ఒప్పుకొని విడిచిపెట్టకుండ ఎన్ని ప్రార్థనలు పోసినను అవి పొడిని పట్టుకొనును గాని బండను పట్టుకొనవు. దావీదు తన పాపము దాచినప్పుడు అతని యెముకలు క్షీణించెను. ఒప్పుకొన్నప్పుడు క్షమాపణ కలిగెను.

మెట్ల అడుగున మొదటి గుంజను నేలలో రెండడుగుల గుంట త్రవ్వి కాంక్రీటులో నిలిపిరి. మరునాడే పిల్లలు దానిని పట్టుకొని ఆడబోగా ఆ యువకుడు ముండ్లకంప అడ్డముపెట్టి, ఏడు దినములు తడి గోనెపట్టా కప్పియుంచవలెననియు, ఆ తరువాతను తొందరపడి భారము వేయరాదనియు చెప్పెను. పోసిన కాంక్రీటు ఒక దినములో గట్టిపడినట్లు కనబడును. అయితే దాని బలమును 28 దినముల తరువాత కొలుచుట పనివారి వాడుక. తొందరపడి ఊపినయెడల లోపలి పట్టు చెదరును, తరువాత ఎంత నీరు పోసినను అది మరల అతుకదు.

పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయములో, క్రొత్తగా విశ్వసించినవానిని అధ్యక్షునిగా నియమింపవద్దనియు, పరిచారకులు మొదట పరీక్షింపబడవలెననియు చెప్పెను. మనము ఎన్నిసార్లు నిన్న బాప్తిస్మము పొందిన యౌవనునిమీద నేడు సంఘభారమంతయు వేసి, రేపు అతడు పడినప్పుడు అతనిని నిందించుచున్నాము! తడి ఆరకముందే ఊపినది మనమే గదా. అట్టివానికి వాక్యమను నీరు పోయుచు, ఓర్పుతో కనిపెట్టుడి.

నాలుగవది, నేల మట్టమున పుట్టు త్రుప్పు.

ఇనుపగుంజ సాధారణముగా పైన చెడదు, నడుమ చెడదు. నేలలో దిగు చోట, నీరు నిలుచు ఆ ఒక్క అంగుళముననే త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు తీసికొనును గనుక చుట్టునున్న కాంక్రీటును లోపలినుండి పగులగొట్టును. సముద్రతీరపు పల్లెలలో ఉప్పుగాలివలన ఇది మరింత త్వరగా జరుగును. పైన రంగు మెరయుచుండును, అడుగున గుంజ తినివేయబడియుండును. కాబట్టి గుంజ మొదట చుట్టు సిమెంటును కొంచెము ఎత్తుగా, నీరు జారిపోవునట్లు వాలుగా చేయవలెను. ఏటేట మొదట గీకి రంగు వేయవలెను. చేతితో పట్టుకొని ఊపి చూడవలెను. రవ్వంత కదలినను నట్లు బిగింపవలెను. నేడు రవ్వంత కదలునది రేపు మరింత కదలును.

విశ్వాసియు తాను లోకమును తాకు చోటనే త్రుప్పు పట్టును. ఆదివారము మందిరములో మనకు త్రుప్పు కనబడదు. సంతలో తూకము పట్టునప్పుడు, పొలము గట్టు జరుపునప్పుడు, కూలివానికి కూలి లెక్కించునప్పుడు అక్కడ చూడవలెను. బల్లయొద్దకు రాకముందు ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసెను. ఊపి చూచుకొనుట అవమానము కాదు. ఊపి చూడక ఇతరులను ఆనుకొననిచ్చుటయే అపరాధము.

ఇంతవరకు మన విధిని గూర్చి చెప్పితిమి. ఇక్కడితో ముగించినయెడల మీరు భారముతో ఇంటికి వెళ్లుదురు, సువార్త లేకుండ వెళ్లుదురు. కాబట్టి యెషయా 22వ అధ్యాయము తెరువుడి. హిజ్కియా కాలములో రాజగృహ నిర్వాహకుడైన షెబ్నా తనకొరకు ఎత్తైన స్థలమున సమాధి తొలిపించుకొనుచుండెను. దేవుడు అతనిని తొలగించి, హిల్కీయా కుమారుడైన ఎల్యాకీమును అతని స్థానమున నియమింతుననెను. గట్టి చోట కొట్టిన మేకువలె అతనిని స్థిరపరతుననియు, చిన్న గిన్నెలు మొదలుకొని పెద్ద పాత్రల వరకు అతని పితరుల ఇంటివారి ఘనత యంతయు అతనిమీద వ్రేలాడుననియు ప్రవక్త పలికెను. అంతట ఆ భాగము చివర, గట్టి చోట కొట్టిన మేకు ఊడి పడుననియు, దానిమీదనున్న భారము నాశనమగుననియు ప్రకటించెను.

మంచి మేకు కూడ మేకే. మంచి తండ్రి, మంచి పెద్ద, మంచి కాపరి, వీరందరును ఒక దినమున ఊడుదురు. మేము ఊడిపోతిమి, అవ్వ పడెను. మనుష్యునిమీద మాత్రమే ఆనుకొన్న ఆత్మకు చివరకు నేలయే గతి. అయితే హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో మన నిరీక్షణ ఒక లంగరుతో పోల్చబడినది. ఆ లంగరు మన మంచితనములో దిగలేదు, మన సంఘములో దిగలేదు. తెర లోపల, మనకు ముందుగా యేసు ప్రవేశించిన చోట అది దిగియున్నది. ఆయన చేతులు మ్రానుకు మేకులతో బిగింపబడెను. లోకపాపభారమంతయు ఆయనమీద పడినను ఆయన ఊడి రాలేదు. దిగి రమ్మని జనులు అపహసించినను దిగి రాలేదు. ఆయనమీద ఆనుకొన్నవారిలో ఎవడును సిగ్గుపరచబడలేదు. కాబట్టి తండ్రులారా, పెద్దలారా, మిమ్మును మీరు బిగించుకొనలేరు. ఆయనకు బిగింపబడుడి. అప్పుడు మీమీద ఆనుకొన్న చేయి మీ ద్వారా ఆయనమీద ఆనుకొనును.

ఇప్పుడు ఈ నెలలో చేయవలసిన పని చెప్పుదుము. ఈ పత్రిక చదివిన ప్రతివాడును తన యింటి మెట్లయొద్దకు, తన సంఘ మందిరపు మెట్లయొద్దకు వెళ్లి, ప్రతి గుంజను రెండు చేతులతో పట్టుకొని ఊపి చూడుడి. ఊగినదానిని వెంటనే బిగింపించుడి. ఆ వారమే బిగింపించుటకు శక్తి లేనియెడల దానికి ఎర్రగుడ్డ కట్టి, దీనిని పట్టుకొనవద్దని ఇంటివారందరికి చెప్పుడి. మన బలహీనత ఒప్పుకొనుటవలన కలుగు అవమానము కొద్దిది, దాచుటవలన కలుగు కీడు గొప్పది. రెయిలింగు లేనివారు అది పెట్టించువరకు గోడ ప్రక్కననే దిగుటకు పిల్లలకును వృద్ధులకును అలవాటు చేయుడి, రాత్రివేళ దీపము ఉంచుడి. సంఘములో పని తెలిసిన యౌవనులారా, మీ వీధిలోని విధవరాండ్ర ఇండ్లకు వెళ్లి ఆ పని ఉచితముగా చేసిపెట్టుడి. పెద్దలారా, పని తెలిసిన చిన్నవాడు చెప్పిన మాటను త్రోసివేయకుడి. మేము త్రోసివేసి నేర్చుకొంటిమి.

ఆ అవ్వ చేయి రెండు నెలలకు అతికెను గాని, మునుపటివలె పూర్తిగా తిరుగుటలేదు. బాగైన తరువాత ఆమె మొదటిసారి కూటమునకు వచ్చినప్పుడు మేము క్రింద నిలిచియుంటిమి. ఆమె మొదటి మెట్టుయొద్ద ఆగి, మంచి చేతితో గుంజను పట్టుకొని రెండుసార్లు గట్టిగా ఊపి చూచెను. అది కదలలేదు. "ఇప్పుడు బాగుందయ్యగారూ" అని చెప్పి, దానిమీద ఆనుకొని, మెల్లగా పైకెక్కి వెళ్లెను. ఆమె వెనుక మేమును ఎక్కితిమి.

ప్రార్థన చేయుదము.

మా తండ్రీ, మమ్మును నమ్మి మామీద చేయి వేసినవారిని మేము పడద్రోసిన దినముల నిమిత్తము మమ్మును క్షమించుము. మా పై మెరుపును పగులగొట్టుము. మాలోని పొడిని శుద్ధిచేయుము. ఎన్నటికిని ఊగని నీ కుమారునికి మమ్మును బిగించుము. మా యిండ్లలో దిగువారి అడుగులను, ఎక్కువారి అడుగులను కాపాడుము. తొట్రిల్లకుండ మమ్మును కాపాడి, నీ మహిమయెదుట ఆనందముతో నిలువబెట్టుటకు శక్తిగల నీకే ఘనత కలుగునుగాక. ఆమేన్.